రాంనగర్ నుంచి అనంతగిరికి సైకిల్ మోసుకెళ్లాలా?

హైదరాబాద్ రాంనగర్‌లో ఉండేవాళ్లకు ఎత్తుపల్లాలంటే చప్పున గుర్తొచ్చేవి వంతెనలే. అడిక్‌మెట్ వంతెన ఒకటి, అది దాటితే ఉస్మానియా యూనివర్సిటీ. ఇందిరా పార్కు దగ్గర ఎక్కి వీఎస్‌టీ దగ్గర దిగే ఉక్కు వంతెన రెండోది. 2023 ఆగస్టులో తెరిచి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు, రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. ఈ రెండూ వదిలేస్తే చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సైకిల్‌కు పెద్దగా పరీక్ష పెట్టే నేల కాదు. పరీక్ష పెట్టేది ట్రాఫిక్కే. అయినా ఈ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో మెట్ల కిందికి తొంగి చూస్తే లావు టైర్ల సైకిళ్లు కనిపిస్తాయి. ముందు ఫోర్కుకు సస్పెన్షన్, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, ఇరవై ఒక్క గేర్లు, సీటు మీద వేలుమందం దుమ్ము. 2020 లాక్‌డౌన్ రోజుల్లో కొన్నవే ఎక్కువ. కొండల కోసం తయారైన బండి పాల ప్యాకెట్ తేవడానికి కూడా కదలకుండా గొలుసేసి పడి ఉంటుంది.

దాన్ని వికారాబాద్ దగ్గరున్న అనంతగిరికి తీసుకెళ్లి గుట్టల చుట్టూ ఒక చుట్టు కొట్టి రావడం సబబేనా? లేక ఉస్మానియా క్యాంపస్‌లో తిప్పుకుంటే చాలదా? చాయ్ బండి దగ్గర ఈ మాట ఎత్తితే రెండు పక్షాలు తయారవుతాయి. రెండో పక్షంలో గట్టిగా మాట్లాడేవాళ్లలో చాలామంది అనంతగిరి చూడనివాళ్లు. మొదటి పక్షంలో గట్టిగా మాట్లాడేవాళ్లలో చాలామంది ఒక్కసారి పోయొచ్చి ఫోటోలు పెట్టినవాళ్లు. కాబట్టి ఎవరి మాటా ఉన్నపళంగా పట్టుకోనక్కర్లేదు.

ముందు ఆ చుట్టు ఎలా ఉంటుందో చెప్పాలి. వికారాబాద్ స్టేషన్ దగ్గర మొదలుపెడితే అయిదారు కిలోమీటర్లలో అనంతగిరి. దారికి రెండు పక్కలా అడవి, నిజాం కాలం నాటి టీబీ శానిటోరియం, అనంత పద్మనాభస్వామి గుడి. అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు మెలికలు తిరుగుతూ కెరెల్లి వైపు దిగుతుంది. కింద తారురోడ్డు వదిలి చేల మధ్య మొరం బాట పట్టుకుంటే ఊళ్లు దాటుకుంటూ కోట్‌పల్లి ప్రాజెక్టు గట్టు దాకా పోవచ్చు. తిరుగుదారికి వేరే ఊళ్లు ఎంచుకుంటే చాలావరకు తొక్కిన బాటే మళ్లీ తొక్కే పని ఉండదు. మొత్తం నలభై కిలోమీటర్లు దాటుతుంది. ఆగుతూ సాగుతూ పోతే ఒక పూట పూర్తిగా పడుతుంది.

యూరప్‌లో ఇలాంటి దారులకు రంగులు పెడతారు. పచ్చ అంటే పిల్లలు కూడా పోవచ్చు, నీలం మధ్యరకం, ఎరుపు కష్టం, నలుపు అంటే తెగించినవాళ్లకు. ఆ లెక్కన మన చుట్టుకు నీలం రంగు వస్తుంది. దూకాల్సిన బండలు లేవు, ఒంటి కాలిబాట మీద లోయ అంచున పోయే పనీ లేదు. కానీ ఇక్కడి నేల ఒక తిరకాసు పెడుతుంది. మధ్యధరా సముద్రం ఒడ్డున, ఇటలీలోనో స్పెయిన్‌లోనో, ఊరు కింద ఉంటుంది, కొండ పైన ఉంటుంది. పొద్దున చల్లటి వేళ ఎక్కుతారు, అలిసిపోయాక దిగుతారు. వికారాబాద్ పట్టణమే సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైన పీఠభూమి మీద ఉంది. తాండూరు వైపు పోయేకొద్దీ నేల దిగిపోతుంది. అంటే ఇక్కడ పొద్దున గాలిలో తేలినట్టు దిగుతాం, మధ్యాహ్నం పన్నెండింటికి నీళ్ల బాటిల్ ఖాళీ అయ్యాక ఎక్కుతాం. కాగితం మీద ఎత్తు ఎంతో రాస్తే అదేం పెద్ద లెక్క కాదు. ఆ ఎత్తు ఏ గంటలో మీద పడుతుందన్నదే లెక్క. ట్యాంక్‌బండ్ మీద ఇరవై కిలోమీటర్లు తొక్కి నాకేం ఢోకా లేదనుకున్నవాళ్లు ఘాట్ కింద చెట్టు నీడన కూలబడేది అందుకే.

ఇక వెళ్లాలనే పక్షం. వాళ్ల వాదనలో అన్నిటికన్నా బలమైనది మొరం. హైదరాబాద్ గ్రానైట్ మీద కూర్చున్న ఊరు, ఆ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. వికారాబాద్ చేరేసరికి రాయి మారిపోతుంది. అక్కడివి దక్కన్ లావా పొరలు, ఆరున్నర కోట్ల ఏళ్ల నాటివి. గుట్టల నెత్తిన ఎర్రటి లాటరైట్, దిగువన లావా శిథిలమై ఏర్పడ్డ నల్లరేగడి. బాటల మీద పరిచేది పైనున్న ఆ ఎర్రరాయి పొడే. ఎండ ముదిరేసరికి మట్టి దుమ్మై లేచిపోయి గులకలు మాత్రం మిగులుతాయి. దిగుడులో ముందు బ్రేకు గట్టిగా పట్టారా, చక్రం ఆగుతుంది గానీ బండి ఆగదు. ఊళ్లో అరవై పౌండ్లు కొట్టించుకునే గాలిని ముప్ఫై అయిదుకు దించాలి. పెడళ్లు రెండూ నేలకు సమానంగా పెట్టి, సీటు మీంచి కాస్త లేచి వెనక్కి జరిగి, మోచేతులు వంచి, చూపు ముందు చక్రం మీద కాకుండా పది గజాల అవతల నిలపాలి. వేలితో బ్రేకు నొక్కుతూ వదులుతూ పోతుంటే వెనక టైరు అటూ ఇటూ జారుతుంది. జారనివ్వాలి. జారుతున్న బండి మీద భయపడకుండా ఉండటం అనేది తారు మీద పదేళ్లు తొక్కినా పట్టుబడదు. నగరంలో దీన్ని నేర్చుకునే చోటు లేదు.

రెండో వాదన నాకు ఇంకా ఇష్టం. మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే. చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకుని దాటే ఆ నీళ్లకు పుట్టుక ఇలాంటి చోట ఉందని పుస్తకంలో చదివితే తెలుస్తుంది. గుట్ట మీద నుంచి సన్నటి పాయ ఒకటి బాటకు అడ్డంగా పారుతుంటే సైకిల్ దిగి దాటినప్పుడు మాత్రం ఆ తెలియడం వేరే తీరుగా ఉంటుంది. హుస్సేన్‌సాగర్ నాలా అశోక్‌నగర్ పక్కగా పారి చివరికి ఆ మూసీలోనే కలుస్తుంది. మన గల్లీ నీళ్లకూ ఆ గుట్టకూ ఉన్న చుట్టరికం ఇది. కారులో పోయినా ఈ సంగతి తెలుస్తుంది కదా అంటారు. తెలుస్తుంది. కానీ కారు అద్దం వెనక ఏసీ వేసుకుని కూర్చుంటే ఆ పాయ దాటామన్న సంగతే తెలియదు.

మూడోది, ఊళ్ల మీదుగా పోవడం. జొన్న చేను దగ్గర ఒక పెద్దమనిషి నన్ను ఆపి, సైకిల్‌ను పైనుంచి కిందిదాకా చూసి, "గింత ఎండల సైకిలేంది సారూ, బండి ఖరాబైందా?" అని అడిగాడు. సరదాకి తొక్కుతున్నానంటే నమ్మలేదు. ధర అడిగాడు. చెప్పాక అసలే నమ్మలేదు. "గా పైసలకు మంచి బర్రె అస్తది" అన్నాడు. ఆయన లెక్క తప్పని నేను వాదించలేను.

ఇప్పుడు వద్దనే పక్షం. వీళ్ల మొదటి మాట దూరం. రాంనగర్ నుంచి వికారాబాద్ డెబ్బై అయిదు కిలోమీటర్ల పైమాట. ఇంటి గుమ్మం నుంచే తొక్కుకుంటూ పోవాలనుకునే వీరులు ఉన్నారు. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోయే ఆ రోడ్డు రెండు వైపులా పాత మర్రిచెట్లతో అందంగా ఉంటుంది, ఇరుగ్గానూ ఉంటుంది. 2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. బస్సులో కూర్చున్నవాళ్లకే దిక్కులేని రోడ్డు మీద అంచు తెల్లగీత పట్టుకుని సైకిల్ తొక్కమని నేను ఎవరికీ చెప్పను. వెడల్పు చేస్తే ప్రమాదాలు తగ్గొచ్చు, మర్రిచెట్లు పోవచ్చు. అది వేరే తగాదా, ఇక్కడ తేలేది కాదు.

మరి రైలు? విద్యానగర్ స్టేషన్ మనకు నడిచిపోయేంత దగ్గర. కానీ ఎంఎంటీఎస్ వికారాబాద్ దాకా పోదు. సికింద్రాబాద్‌లోనో బేగంపేటలోనో వాడి జంక్షన్ వైపు పోయే రైలు పట్టుకోవాలి. పెద్ద సైకిల్‌ను లగేజీ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో ఎక్కించాలి. ఎక్కించడం ఒక ఎత్తు, ఒకటి రెండు నిమిషాలు ఆగే స్టేషన్‌లో ఆ వ్యాన్ తలుపు తెరిపించి దింపుకోవడం ఇంకో ఎత్తు. అందుకే చివరికి అందరూ చేసేది కారు వెనక స్టాండు బిగించి సైకిల్ కట్టుకుపోవడమే. నలభై కిలోమీటర్లు సైకిల్ తొక్కడానికి రానూపోనూ నూట యాభై కిలోమీటర్లు పెట్రోలు కాల్చడం. పర్యావరణం పేరు చెప్పి సైకిల్ కొన్నవాళ్లు ఈ లెక్క దగ్గర మాట మారుస్తారు. ఇది వద్దనే పక్షం చేతిలో ఉన్న పదునైన కత్తి, దీనికి వెళ్లాలనే పక్షం దగ్గర ఇప్పటిదాకా సరైన జవాబు విన్నది లేదు.

రెండో మాట అడవి గురించి. అది రిజర్వు ఫారెస్టు. గుడికి పోయే రోడ్డు, ఊళ్లను కలిపే బాటలు అందరివీ. కానీ అనుమతి లేకుండా లోపలి కాలిబాటల్లోకి దూరడం చట్టం ఒప్పుకోని పని. 2024 ఆగస్టులో అనంతగిరి వైపు కొందరు జీపులు, మోటారు సైకిళ్లు వేసుకొచ్చి అడవి నేలలో చక్రాలు గిరగిరా తిప్పి వీడియోలు పెట్టారు, పోలీసు కేసులయ్యాయి. మా సైకిలూ మోటారూ ఒకటేనా అని సైకిల్‌వాళ్లు ఉడుక్కుంటారు. ఆ ఉడుకులో న్యాయం ఉంది. అమెరికాలోని మోంటానాలో విల్సన్, సెనీ అనే ఇద్దరు కాలిబాటల మీద చేసి 1994లో అచ్చువేసిన పరిశీలనలో గుర్రాలు, నడిచేవాళ్లు లేపినంత మట్టిని సైకిళ్లు లేపలేదని తేలింది. అలాగని మన గుట్టకు దాన్ని ఉన్నదున్నట్టు అతికించలేం. అక్కడి వాన వేరు, ఇక్కడ ఒక్క సాయంత్రం కురిసే కుంభవృష్టి వేరు. వాలు మీద నిలువునా పడ్డ టైరు గాడి మొదటి వానకే కాలువ అవుతుంది. ఆ గుట్టల మీద లేచిన మట్టిలో మూసీ వైపు కొట్టుకుపోయేది చేరేది గండిపేట చెరువుకు. 1908 వరద తర్వాత మూసీకి అడ్డంగా కట్టి 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్ అదే. మూసీ పుట్టిన చోటు అని మురిసిపోయే మనమే దాన్లో పూడిక పోయడం బాగుండదు.

మౌంటెన్ బైక్ పుట్టిల్లయిన కాలిఫోర్నియాలోనే ఈ తగవు అయింది. మారిన్ కౌంటీ కొండల్లో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర 1976లో జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ వంటి కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో మట్టి దారిలో పందేలు పెట్టారు. ఒక్క దిగుడుకే వెనక హబ్బులో గ్రీజు కాలిపోయి కొత్తగా నింపుకోవాల్సి వచ్చేది. ఆ ఆట ప్రపంచమంతా పాకి 1996లో అట్లాంటాలో ఒలింపిక్స్‌కు ఎక్కింది. ఈలోగా పుట్టింటి కొండల్లోనే, నడిచేవాళ్లతో, గుర్రపువాళ్లతో తగవులొచ్చి చాలా సన్న బాటల్లోకి సైకిళ్లను రానివ్వడం మానేశారు. దీనికి ఎదురు ఉదాహరణ ఇటలీలోని ఫినాలే లిగురే. ఒకప్పుడు కంచరగాడిదలు నడిచిన బాటలు ఇప్పుడు సైకిల్ బాటలయ్యాయి. ప్రపంచ స్థాయి పందేలు అక్కడ జరుగుతాయి, చలికాలంలో కూడా ఊళ్లో గదులు నిండుతాయి. కాబట్టి బాట మంచిదా చెడ్డదా అంటే, ఎవరు గీశారు, ఎవరు బాగుచేస్తున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అనంతగిరిలో ఆ రెండు ప్రశ్నలకూ ప్రస్తుతానికి జవాబు, ఎవరూ లేరనే. కేంద్రం స్వదేశ్ దర్శన్ పర్యాటక పథకం రెండో దశలో అనంతగిరిని చేర్చింది, రేపు ఎవరో ఒకరు రావచ్చు. వచ్చేవాళ్లు కాంక్రీటు పోయకుండా ఉంటే అదే పదివేలు.

ఇంకోవైపు అడవే తగ్గుతోంది. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలో దామగుండం అడవి ఉంది. అక్కడ దాదాపు 2,900 ఎకరాల్లో నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. దేశానికి అవసరమని ఒకరు, అడవి పోతుందని ఇంకొకరు. ఏదెలా ఉన్నా, కంచె పడ్డాక అటు వాకర్లూ పోలేరు, సైకిళ్లూ పోలేవు. అటు పోవాల్సిన జనం కూడా అనంతగిరి మీదే పడతారు. ఆదివారం పొద్దున గుడి దగ్గర కార్ల వరసా, చెట్ల కింద బిర్యానీ ప్యాకెట్లూ చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

మూడో మాటకు పెద్ద చర్చ అనవసరం, ముల్లు. పల్లేరుకాయ నేల మీద ఎలా పడినా ఒక మొన పైకే ఉంటుంది. బాట అంచున పచ్చగా పరుచుకున్న ఆ తీగ మీది నుంచి ఒక్క క్షణం పోయినా రెండు టైర్లూ పోతాయి. రెండు ట్యూబులు, ప్యాచులు, పంపు లేకుండా ఎవరైనా బయల్దేరితే వాళ్లను తిరుగుదారిలో ట్రాలీ ఆటోలో చూస్తాం.

ఇక మూడో దారి చూపించేవాళ్లున్నారు. నార్సింగి దగ్గర ఔటర్ పక్కన 2023 అక్టోబర్ 1న తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, పైన సోలార్ కప్పు, ఎండా వానా తగలవు, లారీ రాదు. నిజమే, చక్కటి ట్రాక్. కానీ రాంనగర్ నుంచి అక్కడికీ కారే కావాలి, పైగా మౌంటెన్ బైక్‌తో దాని మీద తొక్కడం కుస్తీ వస్తాదును క్యారమ్స్ ఆడించినట్టు ఉంటుంది. రోడ్ బైక్‌వాళ్లకు వదిలేద్దాం.

ఉస్మానియా సంగతి వేరు. అడిక్‌మెట్ వంతెన దిగితే అయిదు నిమిషాల్లో క్యాంపస్. పొద్దున ఆరింటికి 1939 నాటి ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి తార్నాక వైపు పోయి, హాస్టళ్ల వెనక మట్టి దారులు పట్టుకుని, విద్యానగర్ మీదుగా ఇల్లు చేరితే పది పన్నెండు కిలోమీటర్ల చుట్టు. మధ్యలో రాతి దిబ్బల పక్కన చిన్న చిన్న ఎక్కుడు దిగుళ్లు ఉన్నాయి. పెట్రోలు లేదు, లగేజీ ఆఫీసు లేదు, ఎనిమిదింటికి ఆఫీసుకు తయారవ్వొచ్చు. గుండెకూ కాళ్లకూ కావలసింది ఇందులో ఉంది. ఏడాదికి రెండుసార్లు అనంతగిరి పోయి మిగతా రోజులు మెట్ల కింద దుమ్ము పట్టించేవాడికన్నా వారానికి మూడు రోజులు ఉస్మానియా చుట్టేవాడే అసలు సైకిల్‌వాడు. ఇంతదాకా వద్దనే పక్షంతో నేను ఏకీభవిస్తాను.

ఆ తర్వాత కాదు. రెండు పక్షాలూ ఒక తప్పు చేస్తున్నాయి, ఒకటి ఉంటే ఇంకొకటి అక్కర్లేదన్నట్టు మాట్లాడుతున్నాయి. ఉస్మానియాలో తొక్కడం లేకుండా అనంతగిరికి పోతే ఒళ్లు హూనం అవుతుంది. అనంతగిరి లేకుండా ఉస్మానియాలోనే తిరిగితే ఆ గేర్లు, ఆ సస్పెన్షన్ ఎందుకు కొన్నామో చచ్చేదాకా తెలియదు. కాబట్టి నా తీర్పు, వెళ్లాలి. కొన్ని షరతులతో.

కాలం మొదటి షరతు. మధ్యధరా దేశాల్లో వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడి. అక్కడి సైకిల్ పుస్తకాలు వసంతంలో బయల్దేరమంటాయి. మనకు వాన జూన్‌లో మొదలవుతుంది, వాళ్ల క్యాలెండర్ ఇక్కడ పనికిరాదు. జులై, ఆగస్టుల్లో అనంతగిరి పచ్చగా, మబ్బు దిగి ఫోటోకు బ్రహ్మాండంగా ఉంటుంది. జనం ఎగబడేది అప్పుడే. సైకిల్‌కు అదే చెడ్డ కాలం. దిగువన రేగడిలో నాలుగు చినుకులు పడితే బంకమట్టి టైరుకు అంటి, ఆ మట్టికి గడ్డి అంటి, ఫోర్కుకూ చక్రానికీ మధ్య ముద్దగా బిగుసుకుపోతుంది. చక్రం తిరగదు. తుమ్మకొమ్మ విరిచి పొడిచి పొడిచి తీస్తాం, నాలుగు గజాలకు మళ్లీ అంతే. చివరికి పధ్నాలుగు కిలోల సైకిల్ ఇరవై కిలోలై భుజం మీదికెక్కుతుంది. నవంబర్ నుంచి జనవరి దాకా నేల ఆరి ఉంటుంది, ఎండ ఓర్చుకోగలం. చేలు ఇంకా ఎండిపోవు, గట్ల మీద కందులు కోతకు వస్తుంటాయి. ఫిబ్రవరి దాటితే ఆ మధ్యాహ్నపు ఎక్కుడు జోలికి పోవద్దు. కార్తీకంలో గుడి జాతర ఉన్న రోజులు కూడా మానుకోవాలి. అవి భక్తుల రోజులు, మన గంట మోగినా వినబడదు.

బాట రెండోది. ఊరి బాటలు, బండ్ల బాటలు చాలు. అడవి లోపలి కాలిబాటలు వద్దు, అటవీ శాఖ తానుగా ఏదైనా గీసి బోర్డు పెట్టేదాకా. దీనివల్ల మజా తగ్గుతుందని నాతో గొడవపడే మిత్రులున్నారు. తగ్గుతుంది. అయినా మొరం దిగుళ్లు బాటల మీదే బోలెడున్నాయి. ముందు వాటి మీద పడకుండా దిగడం వస్తే తర్వాత మాట్లాడుకోవచ్చు.

మిగిలింది పెట్రోలు లెక్క. నలుగురు ఒక బండిలో పోతే ఆ కత్తి పదును కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. అది పోవాలంటే రైల్వే చేయాల్సింది ఎంతో లేదు. శని, ఆదివారాల్లో సికింద్రాబాద్ నుంచి వికారాబాద్ వైపు పోయే ఒక ప్యాసింజర్‌లో ఒక పెట్టె చివర నాలుగు కొక్కేలు బిగించి, మనిషి టికెట్‌తో పాటు సైకిల్‌కూ ఒక టికెట్ కౌంటర్లోనే ఇస్తే చాలు. అప్పుడు అడిక్‌మెట్ వంతెన మీదుగా సికింద్రాబాద్ స్టేషన్ దాకా సైకిల్ మీదే పోయి, వికారాబాద్‌లో దిగి, గుట్ట చుట్టి, సాయంత్రం బండికి తిరిగి రావచ్చు. ఈ మాట అర్జీగా రాసి దక్షిణ మధ్య రైల్వేకు పంపడానికి మెట్ల కింద సైకిల్ ఉన్నవాళ్లందరూ ఒక్కో సంతకం పెడితే రాంనగర్ నుంచే ఓ కట్ట తయారవుతుంది.